ఇరవైనాలుగు సీసాలు

ఓ ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్. "నువ్వు ఉన్నపళంగా బయల్దేరి రా. నీ తమ్ముడు బాత్రూంలో బీరు సీసాలు నానబెట్టాడు" అంది. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

నేనుండేది మియాపూర్‌లో. అమ్మ ఉండేది కొండాపూర్‌లో తమ్ముడి దగ్గర. ఆదివారం కాబట్టి ఆటో ఇట్టే చేరింది. అదే సోమవారమైతే అమ్మ కోపం చల్లారాక చేరేదాన్ని.

వెళ్లేసరికి అమ్మ హాల్లో గోడకేసి చూస్తూ కూర్చుంది. బాత్రూంలో నీలం రంగు టబ్బు. అందులో ఇరవైనాలుగు గోధుమరంగు సీసాలు, ఒక్కోటీ 650 మిల్లీలీటర్లది. నిక్కరు వేసుకుని వాడు నేలమీద చతికిలబడి, గిన్నెలు తోమే స్టీలు పీచుతో లేబుళ్లు గీకుతున్నాడు. సగం కాగితం ఊడింది, సగం ముద్దలా అతుక్కుంది.

"ఇవి తాగడానికి కాదక్కా, కడగడానికి" అన్నాడు నన్ను చూసి.

వాడి కథ వాడిది. ఆరేళ్లు అమెరికాలో ఉండి వచ్చాడు. అక్కడ వాడికి అబ్బిన సరదా, ఇంట్లోనే బీరు కాయడం. అక్కడది తప్పు కాదు. 1978లో కార్టర్ అధ్యక్షుడిగా ఉండగా ఆ దేశంలో చట్టం ఒప్పుకుంది. చివరికి మిగిలిన అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు కూడా 2013లో సరేనన్నాయి. వాడికి తాగడం కంటే చేయడంలోనే సరదా అట. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసం వడకట్టి, చేదు కోసం హాప్స్ వేసి మరగబెట్టి, చల్లారాక ఈస్ట్ కలిపి వారాలపాటు వదిలేస్తారు. సీసాల్లో నింపేముందు లీటరుకి ఐదారు గ్రాముల పంచదార వేస్తారు. ఆ తీపిని ఈస్ట్ తినేసి గ్యాసు వదులుతుంది. మూత బిగించి ఉంటుంది కాబట్టి అది పానీయంలోనే కరుగుతుంది. అదే నురగ. చెయ్యి జారి పంచదార ఎక్కువ పడిందా, సీసా బాంబే. ఒకసారి వాడి గరాజ్‌లో రెండు సీసాలు అర్ధరాత్రి పేలితే పక్కింటివాళ్లు తుపాకీ అనుకున్నారట.

కొత్త సీసాలు కొంటే డబ్బు దండగ. అందుకని ఆ సరదా ఉన్నవాళ్లంతా తాగేసిన సీసాలు పోగేసి, లేబుళ్లు ఊడదీసి వాడుకుంటారు. మనవాడు కూడా గచ్చిబౌలి స్నేహితుల పార్టీల్లోంచి ఒక్కొక్కటీ మోసుకొచ్చి బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక దాచాడు. మూతలు బిగించే ఎర్ర పిడుల మిషను అమెరికా నుంచి సూట్‌కేసులోనే వచ్చింది. అమ్మ అదేదో పళ్లరసం తీసేది అనుకుందట ఇన్నాళ్లూ.

"లైసెన్సు ఉందా?" అన్నాను.

"ఇంట్లో చేసుకునేదానికి లైసెన్సేంటి? ఎక్కడ చూసినా మైక్రో బ్రూవరీలేగా!"

ఫీచర్లు రాసేదాన్నయినా పేపరు ఆఫీసులో ఇన్నేళ్లున్నందుకు ఆమాత్రం తెలుసు. తెలంగాణలో మైక్రో బ్రూవరీల నిబంధనలు వచ్చింది 2015లో. అవి లైసెన్సు కట్టి వ్యాపారం చేసేవాళ్లకి. ఫ్లాట్లో బకెట్టు పెట్టుకుని బీరు కాసేవాళ్లకి వర్తించేది 1968 నాటి ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా తయారుచేయడమే నేరం, అమ్మినా అమ్మకపోయినా. ఫోన్లో ఆ చట్టం తీసి చూపించాను. వాడు రెండుసార్లు చదివి, పీచు కిందపెట్టేశాడు. ఉద్యోగం, వీసా, అపార్ట్‌మెంటు కమిటీ... అన్నీ వాడి మొహంలో వరుసగా కనిపించాయి.

"అయితే ఇవన్నీ పారేయాలా?"

అప్పుడొచ్చింది అమ్మ. గుమ్మంలో నిలబడి ఓ నిమిషం చూసింది. "అలా గీకితే రేపటికీ అవదు. గాజంతా గీతలు. చన్నీళ్లు పోశావా? లే" అంది.

తమ్ముడికి గుర్తులేదుగానీ నాకుంది. తెనాలిలో మా చిన్నప్పుడు ఇంట్లో ఇలాంటి సీసాలుండేవి. కిరసనాయిలుకొకటి, ఫినాయిలుకొకటి, తేనెకొకటి. ఎవరింట్లో చూసినా అవే. అయితే మిగతావాళ్లు పాతసామాన్లవాడి దగ్గర కొనుక్కునేవాళ్లు. మాకు కొనే పని ఉండేది కాదు.

1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చేనాటికి నాది మూడో తరగతి. ఆ రెండేళ్లూ నాన్న సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండేవాడు. నాకు ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. ఇంట్లోకి కొత్త సీసా ఒక్కటీ రాలేదు. కిరసనాయిలు సీసా నా చేతిలోంచి జారి పగిలిపోతే తిట్లు ఖాయమనుకున్నాను. అమ్మ నవ్వి, "పోతే పోయింది, డబ్బాలో తెచ్చుకుందాం" అంది.

1997లో నిషేధం ఎత్తేశారు. సీసాలు మళ్లీ వచ్చాయి. మొదట బీరే. తర్వాత నాన్న బీరుతో ఆగలేదు.

అప్పుడే ఒకరోజు రేషన్ డిపో దగ్గర క్యూలో నిలబడ్డాను. చేతిలో సీసా. దానిమీద తళతళలాడే కొత్త లేబులు. మా క్లాసమ్మాయి చూసి, "మీ నాన్న తాగుతారా?" అనడిగింది. తేలిగ్గానే అడిగింది. నేను కిరసనాయిలు పోయించుకోకుండానే ఇంటికొచ్చేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అందరం పడుకున్నాక పెరట్లో నీళ్ల చప్పుడు. పొద్దున చూస్తే గట్టుమీద ఏడు సీసాలు బోర్లించి ఉన్నాయి, ఒక్కదానికీ లేబులు లేదు. ఆ తర్వాత మా ఇంట్లో లేబులున్న సీసా తెల్లారేదాకా ఎప్పుడూ లేదు.

నాన్న పోయి పదకొండేళ్లయింది.

ఇప్పుడు కొండాపూర్ ఎనిమిదో అంతస్తులో అమ్మ చీరకుచ్చెళ్లు ఎగదోపి పీట వేసుకు కూర్చుంది. గీజరు నీళ్లు పట్టించింది. మరీ సలసలా కాగేవి చల్లటి గాజుమీద పడితే సీసా చిట్లుతుందట. గుప్పెడు బట్టల సోడా వేసింది. వంటసోడా కాదు, దాని బలం చాలదు. తమ్ముడు సాయం చేయబోయి అల్యూమినియం గిన్నెతో సోడానీళ్లు తోడితే చేతిమీద ఒక్కటేసింది. "సత్తు గిన్నె నల్లబడుతుందిరా!" నిజమే, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. సీసా మెడకుండే వెండికాగితం కరగడం మొదలై సన్నగా బుడగలొస్తుంటే కిటికీ తెరిపించింది.

తర్వాత ఏమీ చేయనివ్వలేదు. "గంటలు నాననివ్వండి. కాఫీ తాగుదాం."

బీరు లేబుళ్లు అతికించే జిగురు సాధారణంగా పిండితోనో పాలలోని కేసిన్‌తోనో చేసింది. క్షారం తగిలితే పట్టు వదిలేస్తుంది. బీరు ఫ్యాక్టరీలూ తిరిగొచ్చిన సీసాలను ఈ పద్ధతిలోనే కడుగుతాయి, కాకపోతే కాస్టిక్ సోడాతో. అది ఇంట్లో ముట్టుకోకూడదు, చర్మం కాలిపోతుంది. సీసా భుజాలమీద తెల్లటి గీతల వలయం ఉంటుంది చూడండి, అది ఫ్యాక్టరీ లైన్లో ఒకదానికొకటి రాసుకుని పడింది. వలయం ఎంత మందంగా ఉంటే సీసా అన్నిసార్లు తిరిగినట్టు. తమ్ముడికి అది తెలీదు, నేను చెప్పి కాస్త గొప్పపడ్డాను.

మధ్యాహ్నానికి పద్దెనిమిది లేబుళ్లు నీళ్లమీద తేలాయి, తామరాకుల్లా. ఐదు మాత్రం కదల్లేదు. అవి ప్లాస్టిక్ స్టిక్కర్లు, సోడాకి లొంగవు. వాటికి మాత్రం తమ్ముడి విద్యే పనికొచ్చింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి చుట్టలా లాగేశాడు. మిగిలిన జిడ్డుకు అమ్మ కొబ్బరినూనెలో వంటసోడా కలిపి రుద్దించింది. లోపల శుభ్రానికి నూకలు, కాసిని నీళ్లు పోసి గిలకరించమంది. వాడు దానికి అమెరికాలో పొడుగు బ్రష్షు కొన్నాడట. మూతి పెచ్చులూడిన మూడింటిని పక్కన పెట్టేసింది.

"ఇంతకీ వీటిల్లో ఏం పోస్తావమ్మా?" అన్నాను.

"గానుగ నూనె. ప్లాస్టిక్ డబ్బాలో ఇస్తున్నాడు, వాసన. ఈ రంగు సీసాకి వెలుతురు తగలదు, తొందరగా చెడదు." బీరుకు కూడా ఆ రంగు అందుకేనన్నాడు తమ్ముడు, వెలుతురు పడితే హాప్స్ వాసన మారిపోతుందట. అమ్మ విననట్టే ఉంది. పప్పునూనెకు పది, వేరుశనగ నూనెకు పది, ఒకటి నాకు అని లెక్కేసుకుంటోంది.

ఎర్ర పిడుల మిషను మాత్రం అటకెక్కింది. "పారేయను" అన్నాడు వాడు. అమ్మ కూడా పారేయమనలేదు.

టబ్బులో ఇరవైనాలుగో సీసా ఒకటి మిగిలింది. అది నాన్న తాగే రకం. రంగులు కాస్త మారాయి గానీ బొమ్మ అదే. అమ్మ దాన్ని అప్పటికి మూడుసార్లు పక్కకు జరపడం చూశాను. చివరికి తీసి, బొటనవేలి గోరుతో ఓ మూల లేపి, చిరగకుండా మొత్తం లేబులు ఒక్క ముక్కగా ఒలిచింది. అరచేతిలో పరుచుకుని చూసింది.

"ఇదిప్పుడు ఎంతరా?" అంది.

తమ్ముడు చెప్పాడు.

"అమ్మో!" అని ఆ కాగితం చెత్తబుట్టలో వేసి, సీసా కడిగి, మిగతా వాటి పక్కన బోర్లించింది.