కోడిగ్రుడ్లు: నిమిషముల లెక్క, మనుష్యుల లెక్క

మన యిండ్లలో పాకము పట్టుటకు కన్ను కావలయునందురు. ఆవకాయ కలుపుటకు పాళ్లు తెలియవలయునందురు. పులిహోర కలుపుటకు చేయి తిరుగవలయునందురు. ఈ విద్యలను తల్లి కూతునకును, అత్త కోడలికిని ఓపికతో నేర్పుచునే యుందురు. కోడిగ్రుడ్లుడికించు విధమును మాత్రము ఒకరు నేర్పగా వేరొకరు నేర్చుకొనుట నేనెన్నడును చూడలేదు. గిన్నెలో నీళ్లు పోసి, గ్రుడ్లు వేసి, పొయ్యిమీద నుంచి, మరియొక పనిలో పడి మరచిపోవుటయే దానికి విధియని పెక్కురి తలంపు.

ఆ మరపునకు ఫలము కంచములో కనబడును. పెంకు ఒలుచునపుడు తెల్లసొన పెళ్లలు పెళ్లలుగా దానితో ఊడి వచ్చును. కోసి చూచిన పచ్చసొన చుట్టును ఆకుపచ్చని వలయ మొకటి తేలియుండును. తెల్లసొన రబ్బరువలె సాగును; పచ్చసొన పిండివలె గొంతునకు అడ్డుపడును. పిల్లలు ముక్కు మూసికొని, "ఇది పాడైనదమ్మా" అని త్రోసివేయుదురు. పాడైనది గ్రుడ్డు కాదు, దాని వంట. సొమ్ము పెట్టి తెచ్చిన ఆహారము, బిడ్డ కడుపులోనికి పోవలసినది, పెంకులతో కూడ చెత్తబుట్ట పాలగుచున్నది.

గ్రుడ్డును ముట్టని గృహములు మనలో ననేకము కలవు. వారి నియమమును గౌరవింతము. వారికి పప్పును, పాలును, పెరుగును కలవు. గ్రుడ్డు వాడుకలోనున్న యిండ్ల సోదరీమణులకు మాత్రమే నేనీ రెండు లెక్కలను విన్నవించుచున్నాను. ఒకటి నిమిషముల లెక్క; రెండవది మనుష్యుల లెక్క. మొదటిది తప్పిన రుచి చెడును. రెండవది తప్పిన నేమి చెడునో తరువాత చెప్పెదను.

మొదట గ్రుడ్డు స్వభావమును తెలిసికొందము. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియసు వేడిమి వద్దనే చిక్కబడ నారంభించును. పచ్చసొన 65 డిగ్రీల వద్ద చిక్కబడి, 70 డిగ్రీలకు గట్టిపడును. తెల్లసొనలోని ముఖ్యమైన మాంసకృత్తు 80 డిగ్రీలు దాటిన పిదప గాని గట్టిగా బిగిసికొనదు. నీరు మరుగునది 100 డిగ్రీల వద్ద. అనగా కుతకుత మరుగు నీటిలోని వేడిమి గ్రుడ్డునకు కావలసినదానికంటె చాల హెచ్చని తేలుచున్నది గదా! ఎసరు పొంగి పొరలినంత మాత్రమున గ్రుడ్డు త్వరగా ఉడుకదు. గిన్నె అంచులకు కొట్టుకొని పగులును, అంతియే. గ్రుడ్డునకు కావలసినది పెనుమంట కాదు, మితమైన వేడిమియు, లెక్కించిన కాలమును.

ఇక పెంకు ఊడని చిక్కు. క్రొత్తగా పెట్టిన గ్రుడ్డులోని తెల్లసొన బొగ్గుపులుసు వాయువును కలిగి యుండును. పెంకులో కంటికి కానరాని వేలకొలది రంధ్రములు కలవు. దినములు గడచిన కొలది ఆ వాయువు వానిగుండ బయటికి పోయి, తెల్లసొన క్షారగుణమును పొందును. అట్టి గ్రుడ్డు పొరను సులభముగా విడిచిపెట్టును. నాటుకోడి యింటనే పెట్టిన గ్రుడ్డును ఆ పూటనే ఉడికించిన పెంకు ఊడదని కొందరు కోడిని నిందింతురు. కోడి తప్పేమియు లేదు. పులుసునకును, వేపుడునకును నునుపైన గ్రుడ్లు కావలసినచో వారము దినముల నాటివానిని తీసికొనవలయును. నేటి గ్రుడ్డును అట్టునకు వాడుకొనవలయును.

గ్రుడ్డు ప్రాయము తెలియుటకు సులభమైన పరీక్ష కలదు. లోతైన గిన్నెలో చల్లని నీరు పోసి గ్రుడ్డును విడువుడు. అడుగున పడుకొనిన క్రొత్తది. వెడల్పు కొన పైకెత్తి నిలుచున్న కొంత ప్రాతది, కాని వండుకొనదగినదే. నీటిపై తేలినదానిని వాడకుండుట మేలు. లోని తడి రంధ్రములగుండ ఆరిపోగా, వెడల్పు కొన వద్దనుండు గాలిగది పెద్దదగును, తేలుటకు కారణమిదియే.

నేను మా యింట అనుసరించు విధమిది. గ్రుడ్లను చల్లనిపెట్టె నుండి తీసి అరగంట బయట నుంచెదను. మిక్కిలి చల్లని గ్రుడ్డు వేడి నీటిలో పడిన పగులును. గ్రుడ్లు మునిగి పైని ఒక అంగుళము నిలుచునంత నీటిని ముందుగా మరిగించెదను. చల్లని నీటిలో వేసి పొయ్యిమీద పెట్టుటకంటె మరుగు నీటిలో దింపుట మేలు. అకస్మాత్తుగా తగిలిన వేడికి పైనున్న తెల్లసొన వెంటనే గట్టిపడి పొరకు అంటుకొనకుండును; పైగా నిమిషముల లెక్కకు ఆరంభము స్పష్టముగా నుండును. చిల్లుల గరిటెతో గ్రుడ్లను ఒక్కొక్కటిగా మెల్లగా దింపి, నీరు చిన్నగా కదలునంతకు మంటను తగ్గించెదను. చారెడు ఉప్పు వేసిన, ఏదేని పగిలినను కారిన తెల్లసొన అక్కడనే త్వరగా గట్టిపడును.

బజారులో దొరకు సామాన్యమైన గ్రుడ్డు 50 గ్రాములకు కొంచెము హెచ్చుతగ్గుగా తూగును. దానిని దింపిన క్షణము నుండి 6 నిమిషములైన తెల్లసొన గట్టిపడి, పచ్చసొన పలుచగా నుండును. 8 నిమిషములకు పచ్చసొన నడుమ మెత్తదనము మిగులును. 11 నిమిషములకు అంతయు గట్టిపడును. అంతకుమించి పొయ్యిమీద నుంచుట గ్యాసునకును దండుగ, గ్రుడ్డునకును చేటు. వేడిమి మితిమీరినపుడు తెల్లసొన నుండి గంధకముతో కూడిన వాయువు పుట్టి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ ఆకుపచ్చని వలయమును కలిగించును. అది విషము కాదు. దానిని చూచి భయపడి పారవేయనక్కరలేదు.

కాలము పూర్తియైన వెంటనే గ్రుడ్లను చల్లని మంచినీటిలో వేయవలయును. వేడి నీటిలోనే వదలినచో మంట ఆర్పినను లోపల ఉడుకుట సాగుచునే యుండును. చల్లారిన పిదప గాలిగది యున్న వెడల్పు కొనను తట్టి, అక్కడ నుండి నీటిలోనే ఒలిచిన, నీరు పొరక్రింద దూరి పెంకును చక్కగా విడదీయును.

మరియొక సూక్ష్మము కలదు. సముద్రమట్టము నుండి ఎత్తునకు పోయిన కొలది, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరుగు వేడిమి తగ్గును. విశాఖపట్నపు తీరమున 100 డిగ్రీల వద్ద మరుగు నీరు హైదరాబాదున 98 డిగ్రీల వద్దను, అరకు లోయలో సుమారు 97 డిగ్రీల వద్దను మరుగును. కావున మైదానము నుండి ఎత్తైన చోటికి కాపురము మారిన సోదరి మరియొక నిమిషము కలుపుకొనవలయును. ప్రెషరు కుక్కరులో దీనికి విరుద్ధముగా వేడిమి 100 డిగ్రీలను మించును. అందు గ్రుడ్డు అతిగా ఉడుకుట తేలిక.

పచ్చి గ్రుడ్డును పాలలో కలిపి త్రాగిన బలమని కొందరు మగవారును, వారి మాట విని కొందరు తల్లులును నమ్ముదురు. 1998లో బెల్జియము దేశమున కొద్దిమందిపై జరిగిన యొక పరిశోధన ప్రకటింపబడినది. ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులు నూటికి 91 పాళ్లు జీర్ణము కాగా, పచ్చిదానిలోనివి 51 పాళ్లు మాత్రమే జీర్ణమైనట్లు అందు తేలినది. ఇదిగాక పచ్చి గ్రుడ్డులో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులుండవచ్చును. కావున గర్భిణులకును, పసిబిడ్డలకును, వృద్ధులకును, జబ్బుపడి లేచినవారికిని పచ్చసొన కూడ గట్టిపడునట్లు ఉడికించియే పెట్టవలయును. ఉడికిన గ్రుడ్డు పచ్చిదానికంటె త్వరగా చెడును. మన యెండలలో రెండు గంటలకు మించి బయట నుంచరాదు. చల్లనిపెట్టెలో పెంకుతోనే యుంచిన వారము వరకు నిలుచును.

ఇది నిమిషముల లెక్క. ఇక మనుష్యుల లెక్కకు వత్తము.

ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులును, ఎ, డి, బి12 విటమినులును కలవు. పెంకు తెలుపైనను గోధుమరంగైనను ఈ గుణములలో భేదము లేదు; ఆ రంగు కోడి జాతినిబట్టి వచ్చునది. ఇంత చవుకగా, ఇంత త్వరగా సిద్ధమగు బలమైన ఆహారము మరియొకటి దొరకుట కష్టము. అట్టిదానిని ఇంట నెవరు తినుచున్నారు?

నా చిన్ననాట మా యింట ఆదివారము గ్రుడ్ల పులుసు వండుట వాడుక. ఇంటిలో మేమేడుగురము, గిన్నెలో గ్రుడ్లారు. మా నాయనకు, తాతకు, అన్నలిద్దరకు, చెల్లెలికి, నాకు. గ్రుడ్లకు నిలువున గాట్లు పెట్టి, పసుపు, కారము వేసి నూనెలో దోరగా వేపి, చింతపండు పులుసులో వేసెడిది మా యమ్మ. అందరికిని వడ్డించి, కడపట కూర్చుండి, ఉత్త పులుసు అన్నములో కలుపుకొని తినెడిది. ఒకనాడు నా చెల్లెలు, ఐదేండ్ల పిల్ల, తల్లి కంచములోనికి తొంగి చూచి, "అమ్మా, నీ గ్రుడ్డేదీ?" అని అడిగినది. "నాకు పులుసే ఇష్టమే తల్లీ" అని మా యమ్మ నవ్వినది. నాయన తలయెత్తి ఆమె కంచమును చూచెను, ఏమియు ననలేదు. మరుసటి ఆదివారము సంతనుండి ఆయన తెచ్చిన సంచిలో గ్రుడ్లేడు. ఆనాడు తెలిసినది, మా యమ్మకు గ్రుడ్డన్న నెంత ప్రీతియో.

ఇట్టి "నాకు పులుసే ఇష్టము" అను మాటను మన తల్లులెందరు పలుకలేదు! కొన్ని యిండ్లలో బాలింతరాలికి వేడి చేయునని గ్రుడ్డు మానిపింతురు. ఎదిగిన ఆడపిల్లకు వద్దందురు. బిడ్డకు పాలిచ్చు దేహమునకు మాంసకృత్తులు హెచ్చుగా కావలయునని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, ఆ దేహమునకే వానిని దూరము చేయుట ఏమి న్యాయము? గ్రుడ్డు సరిపడక దద్దురులు లేచువారును, వైద్యులు ప్రత్యేకముగా పత్యము చెప్పినవారును మాత్రము మానవలయును.

తెలంగాణమున 2015లో ఆరంభింపబడిన ఆరోగ్యలక్ష్మి పథకములో గర్భిణులకును, బాలింతలకును అంగన్వాడి కేంద్రమునందే కూర్చుండబెట్టి అన్నము, గ్రుడ్డు, పాలు ఇచ్చు ఏర్పాటు చేసిరి. అక్కడనే తినవలయునను నియమములో మన సంసారముల సంగతి యంతయు నిమిడి యున్నది. ఆ గ్రుడ్డును చేతికిచ్చి ఇంటికి పంపినచో, ఆమె దానిని కొంగున దాచి తెచ్చి బిడ్డలకో, భర్తకో పెట్టును గాని తాను తినదు. స్త్రీ తన యింటనే తన పాలు తాను తినజాలకపోవుట త్యాగమని మనము పొగడుచున్నాము. రక్తము చాలక, మెట్లెక్కిన ఆయాసపడి, నలుబదేండ్లకే నడుము పట్టుకొను తల్లి వలన ఆ యింటికి కలుగు మేలేమియో నాకు తెలియదు.

కావున సోదరీమణులారా, రేపు గిన్నెలో ఎసరు మరుగుచుండగా గ్రుడ్లను లెక్కించునపుడు నాయన, అత్తగారు, మామగారు, పిల్లలు అని వ్రేళ్లు ముడిచిన పిదప ఇంకొక వ్రేలు ముడువుడు. ఇంట నారుగురుండి గ్రుడ్లైదే యున్నచో, అన్నిటిని నిలువున రెండేసి చేసి, పది సగములను పెద్ద, చిన్న చూచి అందరికిని పంచుడు. ఎవరి కంచమును ఉత్త పులుసుతో నుండనీయకుడు. పదునొకండు నిమిషములు చక్కగా ఉడికిన గ్రుడ్డులో ఒకటి, దానిని ఉడికించిన చేతికి దక్కవలయును.