ఇల్లే తొలి బడి

యూదులనగానే మనకు బైబిలు కథలో, ఎక్కడో దూరాన ఉన్న ఇస్రాయేలు దేశమో గుర్తొస్తాయి. మా వాడరేవు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరేంత దగ్గర్లో, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారని మీలో ఎంతమందికి తెలుసు?

వాళ్లు తమను ‘బెనె ఎఫ్రాయిం’ అని చెప్పుకుంటారు. ఎఫ్రాయిము సంతతి అని అర్థం. మాట్లాడేది మన తెలుగే. చాలామందికి బతుకుతెరువు పొలం కూలి. యాకోబి ఇంటిపేరు గల సాదోక్, షమూయేల్ అనే సోదరుల చొరవతో 1991లో అక్కడ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఏర్పడింది. సుమారు 40 కుటుంబాలు. వీళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు.

వీళ్ల సంగతి విన్నాక యూదుల ఆచారాల గురించి కొంత చదివాను. ఇల్లాలిగా నాకు నచ్చిందేమిటంటే, పిల్లలకు మతం నేర్పే పని వాళ్లు మందిరానికి వదిలెయ్యరు. అది భోజనాల దగ్గరే మొదలవుతుంది. చుట్టుపక్కల తమవాళ్లు లేని చిన్న ఊళ్లో ఆ బరువు తల్లిదండ్రుల మీద ఇంకా ఎక్కువ కదండీ!

శుక్రవారం పొద్దుగూకక ముందే ఇల్లాలు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని ప్రార్థన చెబుతుంది. శనివారం చీకటిపడి చుక్కలు కనబడేదాకా విశ్రాంతి దినం. ఆ లోపల పొయ్యి ముట్టించకూడదు. కూరానారా అన్నీ ముందే వండిపెట్టుకోవాలి. భోజనానికి ముందు పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. మగపిల్లల్ని ఎఫ్రాయిము, మనష్షేల్లాగా, ఆడపిల్లల్ని శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లాగా ఉండమని. లోకంలో చాలాచోట్ల యూదులు ఇలాగే దీవిస్తారు. తమ సంతతి పేరే ఆ దీవెనలో వినబడుతుంటే కొత్తరెడ్డిపాలెం పిల్లవాడికి ఎలా ఉంటుందో ఊహించండి!

అయితే ఇది ఉత్తినే వచ్చేది కాదు. మిరపకాయ కోతల రోజుల్లో శనివారం ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. కూలి మీద బతికే ఇంట్లో అది చిన్న మాటా? వారంలో ఒక్క రోజు మాది అని చెప్పుకోవడానికి తల్లి ఎంత లెక్క వేసుకోవాలో మనకు తెలియనిది కాదు. నాన్న పనికి పోకుండా ఆగాడంటే, ఇదేదో విలువైనదని పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక పస్కా పండుగ. ఆ రోజుల్లో పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదు. పిండి, నీళ్లు కలిపిన 18 నిమిషాల్లోపే రొట్టె కాల్చెయ్యాలి. పండుగ రాత్రి ఇంట్లో అందరికన్నా చిన్నవాడు లేచి, మిగతా రాత్రులకీ ఈ రాత్రికీ తేడా ఏమిటని అడగాలి. పెద్దలు ఐగుప్తులో బానిసత్వం, విడుదల కథంతా చెప్పాలి. చేదు ఆకు తింటే బానిసత్వపు బాధ, ఉప్పునీళ్లు చూస్తే కన్నీళ్లు. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వు గుర్తురావడం లేదూ! రొట్టె ముక్క ఒకటి దాచిపెట్టి పిల్లల చేత వెతికిస్తారు. అందుకే ఎంత పొద్దుపోయినా పిల్లలకు నిద్ర రాదు.

అక్షరాలకూ ఒక తమాషా ఉంది. హీబ్రూకి 22 అక్షరాలు, కుడి నుంచి ఎడమకి రాస్తారు. పూర్వం యూరప్‌లో యూదులు పలక మీద అక్షరాలకు తేనె రాసి పిల్లల చేత నాకించేవారట. చదువు తియ్యన అని తెలియడానికి. మనం బియ్యంలో ఓనమాలు దిద్దించినట్టే!

బజారు కూడా బడే. వాళ్ల నియమం ప్రకారం రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేపే తినాలి. మా రేవులో పడవలు ఒడ్డుకొచ్చినప్పుడు గంపల దగ్గర నిలబడితే చాలు, పండుగప్ప సరే, రొయ్యలూ పీతలూ వద్దు అని పిల్లవాడే ఏరి చెప్పగలడు.

మనది ఏ మతమైనా ఇందులో మనం నేర్చుకోదగ్గవి ఉన్నాయి. వారంలో ఒక పూట ఇంటికోసం ఖాయం చెయ్యండి. ట్యూషన్లూ, టీవీ దాన్ని మింగకుండా చూడండి. పండగ పనిలో పిల్లలకూ ఒక పని అప్పగించండి, వత్తులు చెయ్యడమో, చిమ్నీ తుడవడమో. ‘ఎందుకు’ అని అడిగితే ‘పెద్దవాళ్లు చేశారు, మనం చేస్తున్నాం’ అని తోసెయ్యకండి. తెలిసింది చెప్పండి, తెలియకపోతే ఇద్దరూ కలిసి అమ్మమ్మను అడగండి. ప్రశ్న అడిగిన పిల్లలే రేపు జవాబు చెప్పే పెద్దలవుతారు.