పదిమందికి ఒకే బల్ల

ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాలు హోటల్‌కి కదిలాయంటే బల్లలు కలపాల్సిందే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికొచ్చి స్థిరపడ్డవాళ్ల మనవలకు ఇప్పుడు గోల్‌బజార్ దోసె ఒక్కటే చాలదు. హౌరా లోకల్ ఎక్కి కలకత్తాలో థాయ్ భోజనమూ రుచి చూస్తారు.

తీరా కూర్చున్నాక ఎవరి ప్లేటు వాళ్లు చెప్పేసుకుంటారు. అయ్యో, ఎంత నష్టం! థాయ్‌లాండ్‌లో అన్నం ఎవరిది వాళ్లకే, కూరలూ వేపుళ్లూ సూపులూ మాత్రం మధ్యలో, అందరివీ. కుడిచేత స్పూను, ఎడమచేత ఫోర్కు. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కే.

2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రొయ్యల టామ్ యమ్ సూపులో నిమ్మగడ్డి ముక్కలు తేలుతుంటాయి. అవి వాసనకే, చారులో కరివేపాకులా పక్కకు తీసేయాలి.

శాకాహారులుంటే ముందే చెప్పాలి. మామూలుగా పాడ్ థాయ్ నూడుల్స్‌లోనూ చేపల సాస్ పడుతుంది.