పలాసలో బస... మూలపేటలో సాయంత్రం

వేసవి వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ట్రిప్ ప్లాన్లు మొదలవుతాయి. గోవా, ఊటీ, అరకు అంటూ పోల్ పెడతారు. పదిమంది ఓట్లేస్తారు. టికెట్లు బుక్ చేసే టైముకి ఇద్దరు మిగులుతారు. ఈసారి అలా మిగిలింది నేను, నా రూమ్మేట్. ఇద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నాది గుంటూరు వైపు, వాడిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు.

‘‘పోనీ మీ వైపే పోదాం’’ అన్నాను. ‘‘ఎండల్లో మా వూరొచ్చి ఏటి సూస్తావురా?’’ అన్నాడు.

చూడ్డానికి చాలానే ఉంది. కాకపోతే ఇక్కడ టూరిస్టు స్పాట్ల లిస్టు పెట్టుకుని తిరిగితే సగం రోజు ఎండలో పోతుంది. ఏ కాలంలో ఏం ఉంటుందో తెలుసుకుని ప్లాన్ చేసుకుంటే, పలాసలో గది తీసుకుని మూడు రోజుల్లో టెక్కలి, మూలపేట, మందస, ఉద్దానం అన్నీ చుట్టి రావచ్చు. మేం వెళ్లింది మే నెలలో.

వేసవిలో ఉండేవి, లేనివి

ముందు లేనివి చెప్తాను. టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల కేంద్రం గురించి రీల్స్ చూసి చాలామంది బయల్దేరతారు. అక్కడి చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టేది చలికాలంలో. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, పిల్లలకి రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్‌కల్లా వెళ్లిపోతాయి. ఊళ్లోవాళ్లు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. మే నెలలో వెళ్తే పుట్టిల్లు కనిపిస్తుంది, ఆడపడుచులు కనిపించరు.

రెండోది, సముద్రం చేప. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట మీద నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. బీచ్‌కి వెళ్లి తాజా వంజరం వేపుడు అడిగితే దొరక్కపోవచ్చు. దానికి బదులు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు కనిపిస్తారు, మాట్లాడతారు. మిగతా నెలల్లో ఆ తీరిక వాళ్లకి ఉండదు.

ఇక ఉన్నవి. జీడి పిక్కలు, పనసకాయలు, మామిడి, తాటిముంజెలు, ఉప్పు. ఈ నేల మీద ఇవన్నీ ఎండలోనే పండుతాయి. చలికాలంలో వచ్చే టూరిస్టుకి ఇవేవీ దొరకవు.

మొదటి రోజు: పలాస–కాశీబుగ్గ

హైదరాబాద్ నుంచి వెళ్లే విశాఖ, ఫలక్‌నుమా, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు పలాసలో ఆగుతాయి. బెంగళూరు నుంచైతే ప్రశాంతి ఉంది. విశాఖ దాకా వచ్చి, అక్కణ్నుంచి బస్సెక్కినా హైవే మీద సాఫీగా రావచ్చు.

పలాస, కాశీబుగ్గ కలిసి ఒకే మున్సిపాలిటీ. ఎక్కడ పలాస అయిపోయి ఎక్కడ కాశీబుగ్గ మొదలైందో బయటివాళ్లకి తెలీదు. వీధుల్లో జీడిపప్పు వాసన మాత్రం బాగా తెలుస్తుంది. మా వాడికి తెలిసినవాళ్ల జీడి ఫ్యాక్టరీలో పొద్దున్నే పని చూశాం. పిక్కల్ని ఆవిరి పట్టి, ఆరబెట్టి, పెంకు కోస్తారు. ఆ పెంకులో ఉండే నూనె చర్మం మీద పడితే కాలుతుంది. తర్వాత పప్పుని వేడి చేసి, పొట్టు తీసి, సైజు ప్రకారం వేరు చేస్తారు. పొట్టు తీసేదీ, సైజు చూసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల వేళ్లు ఎంత వేగంగా కదులుతాయంటే వీడియో స్లో మోషన్‌లో పెడితేగానీ అర్థం కాలేదు.

ప్యాకెట్ మీద డబ్ల్యూ 180, 240, 320 అని ఉంటుంది కదా. అది ఒక పౌండుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. ఇంట్లో ఉప్మాలోకీ పాయసంలోకీ అయితే బద్దలు కొనుక్కోండి. రుచి అదే, జేబుకి తేలిక. ఇంకో సంగతి, ఇక్కడి ఫ్యాక్టరీలకి ఉద్దానం పిక్కలొక్కటే సరిపోవు, ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పిస్తారు. అందుకే గిట్టుబాటు ధర కోసం ఇక్కడి రైతులు సీజన్‌లో రోడ్డెక్కుతుంటారు. వాళ్ల లెక్కంతా 80 కేజీల బస్తాలో ఉంటుంది.

మధ్యాహ్నం గదిలో పడుకుని, సాయంత్రం వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి శివసాగర్ బీచ్‌కి వెళ్లాం. దారి పొడవునా జీడి, కొబ్బరి తోటలు. మధ్యమధ్యలో కొబ్బరిచెట్లన్నీ ఒకే ఎత్తులో, పొట్టిగా కనిపిస్తే కారణం అడిగాను. ‘‘తిత్లీ తర్వాత పెట్టినవి’’ అన్నాడు మా వాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరంలోనే దాటింది. ముప్ఫై, నలభై ఏళ్ల చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. ఇక్కడ పొట్టి కొబ్బరిచెట్టుని చూస్తే వయసు ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు.

రెండో రోజు: టెక్కలి, నౌపడ, మూలపేట

తెల్లారకముందే బైక్ తీశాం. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి గుడికి పొద్దున్నే వెళ్లాలి. పేరే చెప్తోంది, స్వామికి పైకప్పు లేదు. పెద్ద శివలింగం ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఆరుబయటే ఉంటుంది. తొమ్మిది దాటితే కాళ్ల కింద బండ కూడా స్వామితో పాటే కాలుతుంది. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. రోడ్డు మీద ఒక్కో లారీలో ఒకే ఒక్క బండరాయి వెళ్తుంటే పక్కకి జరిగి దారివ్వండి.

నౌపడ జంక్షన్‌కి ఒక చిన్న చరిత్ర ఉంది. పర్లాకిమిడి రాజావారు తమ ఊరికి రైలు కావాలని ఇక్కణ్నుంచి సొంతంగా చిన్న లైను వేయించుకున్నారు. 1900లో అది మొదలైంది. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. నేరోగేజ్ బండి 2004 దాకా నడిచి ఆగింది. ఇప్పుడదే దారిలో బ్రాడ్‌గేజ్ ఉంది. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు గుణుపురం బండెక్కి ఒక పూట తిరిగి రావచ్చు.

నౌపడ దాటితే ఉప్పు మళ్లు. అద్దాలు పరిచినట్టు నీళ్లు, గట్ల మీద తెల్లగా ఉప్పు కుప్పలు. మనం తిట్టుకునే ఎండే వీళ్లకి పంట. వేసవిలో ఒక్క అకాల వర్షం పడితే మడిలో ఉన్నదంతా కరిగిపోతుంది.

అక్కణ్నుంచి మూలపేట. సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మొదట్లో భావనపాడు పోర్టు అని అందరూ చెప్పుకున్న ప్రాజెక్టు చివరికి ఈ ఊరి దగ్గరికి వచ్చింది. 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి జగన్ శంకుస్థాపన చేశారు. సుమారు 4,362 కోట్ల ఖర్చు, 4 బెర్తులు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సరుకు దిగేలా ప్లాన్. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లకి నౌపడ దగ్గర పునరావాస కాలనీ కేటాయించారు.

మేం వెళ్లేసరికి ఎండ తగ్గింది. ఒకవైపు లారీలు, రాళ్ల గుట్టలు. ఇంకోవైపు మామూలు బీచ్, ఒడ్డుకి లాగిన పడవలు, సరుగుడు చెట్లు. పనులు జరిగే వైపు పోకుండా పడవల దగ్గర కూర్చున్నాం. వల అల్లుతున్న ఒక తాత ‘‘ఏ వూరు బాబూ?’’ అంటూ మాట కలిపారు. ఆయన కొడుకు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేస్తాడట. ఈ తీరంలో సగం ఇళ్ల కథ అదే. ఆగస్టులో వెళ్లి, వేసవిలో సెలవుకి వస్తారు. ‘తండేల్’ సినిమా చూసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. 2018లో అలా వెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి పోయి దొరికిపోయారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు.

‘‘పోర్టొస్తే మా గుంటలకి ఇక్కడే పనంటన్నారు. వస్తే మంచిదే’’ అన్నారాయన. కాసేపాగి, ‘‘కాలనీలో పడుకుంటే ఈ హోరు ఇనపడదు, అదొక్కటే’’ అన్నారు.

తిరిగొచ్చే దారిలో మా ఇద్దరికీ వాదన మొదలైంది. ఇంత బాగున్న తీరం పోతుందే అన్నాను నేను. మా వాడికి కోపం వచ్చింది. ‘‘నువ్వు ఫొటో తీసుకుని రైలెక్కేస్తావు. నాతో టెన్త్ చదివినోళ్లు పన్నెండు మంది వేరావల్‌లో ఉన్నారు. ఆళ్లు ఇంటికాడ ఉండి పనికెళ్తే తప్పేటి?’’ అన్నాడు. తప్పేం లేదు. కానీ ఇదే మండలంలో కాకరాపల్లి కూడా ఉంది. అక్కడి తంపర భూముల్లో, అంటే చేపలూ నీళ్లూ ఉండే చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని జనం నిలబడ్డారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటు పూర్తికాకుండానే ఆగిపోయింది. ఇక్కడివాళ్లకి అభివృద్ధి అనే మాట వింటే ఆశతో పాటు ఆ జ్ఞాపకం కూడా వస్తుంది. అది చెప్పింది నేను కాదు, కాసేపటికి కోపం తగ్గాక మా వాడే.

మా వాదన తేలలేదు. పోర్టు మంచిదా చెడ్డదా అన్నది మూడు రోజుల టూరిస్టు తేల్చేది కాదు. కానీ ఇలాంటి చోట పదేళ్ల తర్వాత కంటైనర్లు చూడబోయే మనం, ఇవాళ పడవలు ఉన్నప్పుడు ఒకసారి చూసి, వాళ్లు చెప్పేది వినడం మంచిది. మూలపేటని ప్లాన్‌లో పెట్టమనడానికి నా కారణం అదే.

మూడో రోజు: మందస, ఉద్దానం

మందసలో రెండు పనులు. ఒకటి వాసుదేవ పెరుమాళ్ గుడి. ఒరిస్సా వైపు గుళ్లని గుర్తుచేసే రాతి శిఖరం. రెండోది కోవా. పాలు మరిగించి చేసే మందస కోవా ఈ జిల్లా అంతా ఫేమస్. ఎండలకి త్వరగా పాడవుతుంది, బ్యాగులో దాచకుండా అక్కడే తినేయండి. పడమట మహేంద్రగిరి కొండలు కనిపిస్తాయి. 1,501 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో ఉంది.

ఈ మండలంలోనే గుడారి రాజమణిపురం ఉంది. అడవి కట్టెల మీద హక్కు కోసం జమీందారుపై రైతులు తిరగబడినప్పుడు, 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ అక్కడే చనిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. మా స్కూల్లో ఈ పేరు వినలేదు. మా వాడికి మాత్రం వాళ్ల అమ్మమ్మ చెప్పిందట.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. పనసకాయ కూర, మామిడికాయ పప్పు, తాటిముంజెలు. ఉద్దానం అంటే ఉద్యానవనం అని చెప్తారు. కవిటి, కంచిలి వైపు తోటల్లో నడిస్తే మే నెలలో కూడా నీడ వదలదు.

ఈ నీడలోనే ఇంకో బాధ ఉంది. మా వాడి మామయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో డాక్టర్లు ఇప్పటికీ ఇదమిత్థంగా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఊళ్లోకి వచ్చిన టూరిస్టు ‘‘ఈ నీళ్లు తాగొచ్చా?’’ అని ముఖమ్మీదే అడిగితే వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. నీళ్ల సీసా మనతో ఉంటే ఆ ప్రశ్నే రాదు. మామయ్య నన్ను అడిగింది మాత్రం ఒక్కటే: ‘‘కూర బాగుందా నాయనా?’’

సాయంత్రం మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే బారువ బీచ్ చూసుకుని, సోంపేట స్టేషన్‌లో రైలెక్కేశాం. మళ్లీ పలాస దాకా వెనక్కి రానక్కర్లేదు.

బయల్దేరే ముందు

– పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7. ఈ రెండు పూటలే తిరగడానికి. మధ్యలో నిద్రపోండి. తీరప్రాంతం ఉక్కపోత హైదరాబాద్ ఎండ లాంటిది కాదు.

– బైకు దొరికితే మంచిది. లేకపోతే పలాస, టెక్కలి బస్టాండ్ల నుంచి పల్లెవెలుగు బస్సులు, షేర్ ఆటోలు ఉన్నాయి. ఆఖరి బస్సు టైము ముందే కనుక్కోండి.

– ఈ తీరంలో అలలు మోసం చేస్తాయి. స్థానికులు వద్దన్న చోట దిగొద్దు.

– మనుషుల ఫొటోలు అడిగి తీయండి. వల అల్లే తాతలైనా, జీడి ఫ్యాక్టరీలో అక్కలైనా.

– పక్షులే కావాలంటే డిసెంబరు, జనవరిలో తేలినీలాపురం పెట్టుకోండి. అంతవరకూ ఆగలేకపోతే, వానలు పడగానే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి రండి. ఊరి చెట్లనిండా నత్తగుల్ల కొంగలు దిగుతాయి. మా తర్వాతి పోల్‌లో ఇదొక్కటే ఆప్షన్. ఈసారి కూడా ఓట్లు రెండే వచ్చేలా ఉన్నాయి.