హాన్ సోలో తుపాకి

'స్టార్ వార్స్' తొలి చిత్రమును మఱల చూచుచు, మద్యశాలలో హాన్ సోలోయు వానిఁ బట్టవచ్చిన గ్రీడోయు ఎదురెదురుగఁ గూర్చుండు ఘట్టము వచ్చినంతనే నిలిపివేసితిని. 1977 నాఁటి ప్రతిలో బల్లక్రిందనుండి తుపాకి పేల్చినవాఁడు హాన్ ఒక్కఁడే. 1997 నాఁటి ప్రత్యేక ప్రతిలో గ్రీడో ముందుగాఁ గాల్చి, అంత చేరువనుండియు గుఱి తప్పినాఁడు. 2004లో ఇరువురును ఇంచుమించు ఒక్క క్షణముననే కాల్చిరి. 2019లో డిస్నీ ప్లస్‌లో గ్రీడో నోట 'మాక్లంకీ' యను అర్థము కాని మాట యొకటి చేరినది! స్వార్థపరుఁడైన దొంగ రవాణాదారు మిత్రులకొఱకు ప్రాణమొడ్డు వీరుఁడగుటయే హాన్ పాత్రకు సొగసు. మొదటనే వానిని మంచివానిఁ జేసినచో ఇఁక మాఱుటకేమి మిగులును?

1988లో అమెరికా కాంగ్రెసు సభ్యుల యెదుట, పాత చిత్రములను ఇష్టానుసారముగా మార్చుట సంస్కృతికి అపచారమని వాదించిన ఆ చిత్రదర్శకుఁడు జార్జి లూకాసే, పదేండ్లు తిరుగకుండ ఈ పనికిఁ బూనుకొనుట విచిత్రము. నాఁడు చట్టరీత్యా హక్కు ఆయనదే, కాదనను. 2012లో ఆయన సంస్థయైన లూకాస్‌ఫిల్మును సుమారు 400 కోట్ల డాలర్లకుఁ గొన్న డిస్నీ యాజమాన్యమున, 2014లో, అభిమానులు దశాబ్దములుగాఁ గొని చదివిన నవలలును కామిక్కులును 'లెజెండ్స్' అను పేరఁ బ్రక్కకుఁ ద్రోయఁబడినవి. వ్యాపారదృష్టితో అదియు సబబే, క్రొత్త కథకుఁ జోటు కావలయును గదా. అయినను, పాత 35 మి.మీ. ప్రతులను వెదకి తెచ్చి, ఫ్రేము ఫ్రేమునందలి గీఁతలు తుడిచి, 1977 నాఁటి రూపమును నిలుపఁబూనిన అభిమానులను కేవలము టికెట్టు కొనువారిగా నెంచుటకు నా మనసొప్పదు. స్టూడియోవారి భాండాగారమునఁ జరుగవలసిన పని, జీతము లేక, వీరేల చేయవలసివచ్చెనో!