గిలకలదిండిలో నీళ్లమీది కాపురం

కార్తీకమాసం వెళ్లీ వెళ్లగానే మావారికి చేపల మీదికి మనసు పోయింది. గుడివాడ మార్కెట్లో దొరక్క కాదుగానీ, గిలకలదిండి రేవులో బోటు దిగిన సరుకు రుచే వేరంటారాయన. నాకూ ఇంట్లో కాలు నిలవడం లేదు. ముందురోజు రాత్రే మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "అమ్మా, అద్దె ఇల్లు ఖాళీ చేసేస్తా. వ్యానులో మంచం, పొయ్యి పెట్టించుకుని ఊళ్లు తిరుగుతూ ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటా" అన్నాడు. పెళ్లి కావలసిన పిల్లాడు, ఇల్లూ వాకిలీ లేకుండా ఆ తిరుగుడేమిటో మీరే చెప్పండి!

అమెరికాలో ఉన్న మా అక్క కూతురు మాత్రం వాణ్నే వెనకేసుకొచ్చింది. అక్కడ చక్రాల ఇళ్లల్లోనే ఏడాది పొడుగునా కాపురముండేవాళ్లు బోలెడుమందిట. వేసవిలో పార్కులకొచ్చి బస చేసేవాళ్ల బాగోగులు చూసే పని, అక్టోబరులో ఉత్తర డకోటా, మిన్నెసోటా వైపు చక్కెర దుంపల పని. పని ఎక్కడుంటే బండి అక్కడికి. 2020లో వచ్చిన 'నోమాడ్‌ల్యాండ్' సినిమా వాళ్ల గురించేనట. దానికి ఆస్కారు కూడా ఇచ్చారు. కానీ అందులో ఆవిడ సరదాకి తిరగదు. భర్త పోయి, ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడి బండెక్కుతుంది. ఆ సంగతి మావాడు చెప్పలేదు.

పొద్దుటి రైల్లో పెడన, చిలకలపూడి దాటి బందరులో దిగాం. (చిలకలపూడి అనగానే రోల్డుగోల్డు గాజులు గుర్తొచ్చాయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.) కోనేరు సెంటరులో ఆటో ఎక్కి రేవుకి వెళ్లాం.

అక్కడ ఒక బోటు వేటకి బయల్దేరబోతోంది. ఐసు పగలగొట్టి అడుగున చేపలు దాచే అరలోకి పోస్తున్నారు. డీజిలు, మంచినీళ్ల డ్రమ్ములు, బియ్యం, పప్పు, చింతపండు, కారం ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. నా కళ్లు మాత్రం వంటిల్లెక్కడా అని వెతికాయి. మనింట్లో గోడ బీరువా అంత చోటు! పొయ్యి చుట్టూ ఇనప చువ్వ, కెరటానికి గిన్నె దొర్లిపోకుండా. ఎనిమిదిమందికి వారం పదిరోజులు అందులోనే వంట. మంచినీళ్లు తాగడానికీ వంటకీ మాత్రమే, మిగతా అన్నిటికీ సముద్రం నీళ్లే.

"రోజూ చేపల పులుసేనా బాబాయ్?" అనడిగాను సరంగుని.

"మొదటి నాల్రోజులూ కూరగాయలమ్మా. అవి వాడిపోయాక పులుసే. ఇంటికెళ్లి పప్పుచారు పోసుకుంటే ప్రాణం లేచొస్తది" అని నవ్వాడు. మొగలో ఇసక మేట వేస్తే పోటు వచ్చేదాకా ఆగాలిట. ఇంటి ముందుకొచ్చి కూడా గుమ్మం తెరిచేదాకా నిలబడ్డట్టు!

ఒడ్డున రొయ్యల బుట్ట పెట్టుకు కూచున్నావిడ నా ఈడుదే. ఆమె పెనిమిటి ఆ బోటులోనే కళాసీ. బేరం తెగాక కబుర్లలో పడ్డాం. వేటనుంచి వచ్చిన డబ్బులో ముందు డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు తీసేస్తారు. మిగిలిందే బోటు యజమానికీ పనివాళ్లకీ వాటాలు. చేప పడకపోతే వాటా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లకి వేటే నిషేధం. ప్రభుత్వం భృతి ఇస్తుంది, అది చేతికొచ్చేదాకా పిల్లల ఫీజులు ఆగుతాయా? ఈ బుట్టే ఇల్లు నడుపుతుందిట.

మావాడి సంగతి చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె రొయ్యలు తూచి సంచిలో పోస్తూ, "తిరగనీ అక్కా, కుర్రాడేగా. చేప పడని నెల ఎవరు పెడతారో అడిగావా?" అంది.

నిజమే, అది నేను అడగనే లేదు. పెళ్లి, పరువు, పక్కింటివాళ్లూ అంటూ అరగంట పోట్లాడాను.

ఆ రాత్రి రొయ్యలు వలుస్తూ ఫోను చేశాను. "ఒరేయ్, పని దొరక్కపోతే ఎన్ని నెలలకి సరిపడా దాచావు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "రెండు" అన్నాడు.

"ఆరు నెలలకి దాచాక వ్యాను మాట ఎత్తు. పొయ్యి చుట్టూ చువ్వ నేను పెట్టిస్తా" అన్నాను. చువ్వేమిటమ్మా అని అడుగుతుంటే, రొయ్యల కూర మాడుతోందని పెట్టేశాను. ఇంకా పొయ్యే వెలిగించలేదు.