గొట్టంతో సహజీవనం – పథ్యపానాలు

మూత్రవ్యాధులను గురించి నలుగురిలో మాట్లాడడం మనకు మర్యాద కాదు. చరకసుశ్రుతులకు లేని సంకోచం మనకెందుకు పట్టుకొన్నదో గాని, ఆ మౌనం వల్ల నష్టపోయేది రోగియే. మూడేళ్ళుగా నేను కాథెటరుతో జీవిస్తున్నాను. ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం బంధించింది. శస్త్రచికిత్సకు నా గుండె తట్టుకోలేదని వైద్యులు తేల్చారు. కనుక ఈ గొట్టం నాకు యావజ్జీవ సహచరం. ఇటువంటి పెద్దలు మీ ఇండ్లలోనూ ఉండవచ్చునని తలచి, ఆహారపానీయాల విషయమై తెలిసికొన్నది రాస్తున్నాను.

మాకు ప్రధానశత్రువు గొట్టం మూసుకుపోవడం. అర్ధరాత్రి అది జరిగితే ఆ బాధ వర్ణనాతీతం. ప్రోటియస్ అనే బాక్టీరియా యూరియాను విరిచి అమ్మోనియాను పుట్టిస్తుంది. దానితో మూత్రం క్షారగుణం పొంది, మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేటుల స్ఫటికాలు గొట్టం లోపల పేరుకొంటాయి. మన ప్రాచీనులు ‘అశ్మరి’ అన్న రాయికి ఇది దగ్గరి చుట్టమే.

దీనికి మొదటి విరుగుడు నీరు. మూత్రం పలుచగా ఉంటే స్ఫటికాలు త్వరగా ఏర్పడవు. రెండవది నిమ్మకాయ. అందులోని సిట్రేటు కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నీటితోపాటు నిమ్మరసపు పానీయాలు ఎక్కువగా తీసుకొంటే ఈ పేరుకోవడం నెమ్మదిస్తుందని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్టిక్లర్ ప్రభృతులు 2010లో ప్రచురించారు. సాధారణంగా రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్ల ద్రవం చెబుతారు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం తమ కొలతను వైద్యునివద్దనే నిర్ణయించుకోవాలి. నాకు లీటరున్నర దాటవద్దన్నారు. అందులోనే పలుచని మజ్జిగ, ఉప్పూ పంచదారా లేని నిమ్మనీరు, కాఫీ అన్నీ లెక్కకు వస్తాయి.

మూడవది మలబద్ధం లేకుండా చూసుకోవడం. నిండిన పేగు గొట్టాన్ని నొక్కితే మూత్రం ఆగుతుంది, లేదా పక్కనుండి కారుతుంది. బీరకాయ, సొరకాయ, పొట్టు పెసరపప్పు, జామపండు నాకు మేలు చేశాయి. మలబద్ధం ముదిరినవారిలో ఒక్కొక్కప్పుడు సంచి ఊదారంగుకు మారుతుంది. పేగులో ట్రిప్టోఫాన్ నుండి పుట్టిన పదార్థాన్ని మూత్రంలోని బాక్టీరియా నీలిమందుగా మార్చడమే అందుకు కారణం. చూచి హడలిపోనక్కరలేదు, వైద్యునికి చెప్పాలి.

ఇక మాత్రల సంగతి. అమెరికానుండి వచ్చిన మా మేనల్లుడు “మామయ్యా, ఇవి వేసుకొంటే ఇన్‌ఫెక్షన్ రాదు” అని క్రాన్‌బెర్రీ గుళికలు తెచ్చి ఇచ్చాడు. వాడి ప్రేమను స్వీకరించి, సీసాను డాక్టరుగారికి చూపించాను. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నాను గనుక వద్దన్నారు. 2023 నాటి కాక్రేన్ సమీక్షలో, తరచు ఇన్‌ఫెక్షన్ వచ్చే స్త్రీలకు క్రాన్‌బెర్రీ ఉపకరిస్తుందని తేలింది. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివారిలో మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. విటమిన్-సి కూడా అంతే. బాక్టీరియా పుట్టించే క్షారాన్ని అది జయించలేదు. మోతాదు మించితే ఆక్సలేటు రాళ్ళకు దారితీయవచ్చు. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను కూడా ఒక్కసారిగా పెంచరాదు, తగ్గించరాదు.

అన్నిటికంటె కఠినమైన పథ్యం వేరొకటి ఉంది. పెండ్లికో సభకో వెళ్ళవలసి వస్తే, సంచి నిండుతుందన్న సిగ్గుతో పెద్దలు ఉదయంనుండి నీరు మానివేస్తారు. ఆ దాహం ఎవరికీ కనబడదు. నేను పంచె కింద కాలికి సంచి కట్టుకొని, చేతిలో నీళ్ళసీసాతో వెళతాను. గత మాసంలో ఒక శిష్యుని గృహప్రవేశంలో “మాస్టారూ, సంచి ఖాళీ చేయాలా? గది చూపిస్తాను రండి” అని అతడే చెవిలో అడిగాడు. ఆ పూట భోజనం తృప్తిగా చేశాను.

‘పథ్యం’ అంటే పథం తప్పనిది అని వ్యుత్పత్తి. మీ ఇంట ఇటువంటి పెద్దలుంటే మాత్రల సీసాకంటె ముందు ఒక గ్లాసు నీళ్ళు అందించండి. జ్వరం, చలి, రక్తం కనబడినా, సంచిలోకి చుక్క రాకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపొండి. మీ అనుభవాలను వ్యాఖ్యలలో తెలుపగలరు.